లోపలి అర్రలో తీసిన క్యాసెట్

పాత క్యాసెట్ మూత తెరవగానే ఒక వాసన వస్తుంది. తడిసిన గోనెసంచి వాసన, కలరా ఉండల వాసన కలిసినట్టు ఉంటుంది. మొన్న పొద్దున కోరుట్లలో నా దుకాణానికి ఒకాయన కూరగాయల సంచిలో తన పెళ్ళి క్యాసెట్లు తెచ్చి, పిల్లలు చూస్తామంటున్నారు, పెన్ డ్రైవ్‌లో వేసివ్వమని అడిగాడు. ఒకటి తీసి మూత తెరిచాను. వాసన తగలగానే భయం వేసింది. ఇన్నేళ్ళుగా ఇదే పని చేస్తున్నా, ఆ భయం లేకుండా నా చేతి మీదుగా ఒక్క క్యాసెట్ కూడా మిషన్‌లోకి పోలేదు. నాకు ఈ పని నేర్పిన జమీలా ఆపాకు కూడా అంతే. ఆపా అంటే ఉర్దూలో అక్క. ఆమె భయపడే మనిషి. ఆ సంగతి దాచుకునేది కాదు.

ఆపా దుకాణం జగిత్యాలలో టవర్ దగ్గరి నుంచి లోపలికి పోయే ఒక ఇరుకు గల్లీలో ఉండేది. ముందు కౌంటర్, దాని వెనక ఆకుపచ్చ పరదా, పరదా అవతల టీవీ, వీసీఆర్‌లు, కంప్యూటర్ పెట్టుకున్న చిన్న గది. ఆమె భర్త పెళ్ళిళ్ళకు వీడియోలు తీసేవాడు. ముస్లింల ఇళ్ళలో ఆడవాళ్ళ వైపుకు మగ కెమెరామన్‌ని రానివ్వరు కాబట్టి ఆయన భార్యకు కెమెరా పట్టడం నేర్పాడు. తర్వాత హిందువుల పెళ్ళిళ్ళలో కూడా పందిట్లో ఆయన, పెళ్ళికూతురిని తయారుచేసే గదిలో ఆమె తీసేవాళ్ళు. ఆయన గుండెపోటుతో పోయాక, కొత్త కెమెరాలతో వచ్చిన కుర్రాళ్ళ ముందు నిలవలేక, ఆపా పాత క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే పనిలోకి దిగింది. డిగ్రీ అయిపోయి మేనత్త ఇంట్లో ఉంటున్న నేను అప్పుడే ఆమె దగ్గర చేరాను.

మాది సిరిసిల్ల. నాన్న సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసేవాడు. నా చిన్నతనంలో వీధిలో జీపు చప్పుడైతే ఆయన చెయ్యి ఆగిపోయేది. సాంచా మాత్రం టకటకమని కొట్టుకుంటూనే ఉండేది. అడవిలోని అన్నలు వచ్చి అన్నం అడిగితే ఒక భయం, ఎందుకు పెట్టారని పోలీసులు వచ్చి అడిగితే ఇంకో భయం. మా ఇంటికి ఎవరూ రాలేదు. అయినా ఎవరో వస్తారన్నట్టే బతికాం. గట్టిగా మాట్లాడొద్దు, పేర్లు పలకొద్దు, కిటికీలోంచి చూడొద్దు. ఆ ఇంటి నుంచి వచ్చిన నేను ఏది ముట్టుకోవాలన్నా తప్పు జరుగుతుందేమోనని భయపడేదాన్ని.

చేరిన కొత్తలో గంభీరావుపేట నుంచి ఒక రైతు వచ్చాడు. కొడుకు దుబాయిలో పనిచేస్తూ చనిపోయాడు. కొడుకు నడుస్తూ, నవ్వుతూ కనిపించేది ఆ పెళ్ళి క్యాసెట్ ఒక్కటే. తెరిచి చూస్తే టేపు అంచుల వెంట తెల్లటి బూజు. ఆపా దాన్ని చూసి కుర్చీలో కూర్చుండిపోయింది. కాసేపటికి నా చెయ్యి తీసి తన చేతిలో పెట్టుకుంది. ఆమె వేళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయి.

"సూడు. నాకు గూడ గిట్లనే అయితది," అంది. "భయం పోయేదాక ఆగుదామంటే ఈ పని ఎన్నడూ కాదు బిడ్డా. భయంతోనే చెయ్యాలె. గని చెయ్యి మెల్లగ పోవాలె."

మరలు విప్పి రీళ్ళు బయటికి తీసి ఆరబెట్టింది. మెత్తటి నూలుగుడ్డతో అంగుళం అంగుళం తుడిచింది. తర్వాత ఆ రైతుకు కబురు పెట్టి, టీవీ ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ఇట్లాంటి టేపు ఒక్కసారే ఆడొచ్చు, మధ్యలో తెగినా తెగొచ్చు, కాబట్టి అది ఆడేటప్పుడు సొంతవాళ్ళు చూస్తూ ఉండాలనేది ఆమె పద్ధతి. ఆ టేపు తెగలేదు. తలంబ్రాల దగ్గర కాసేపు బొమ్మ చెదిరింది, అంతే. ఆ రైతు పెన్ డ్రైవ్‌ను రుమాలులో చుట్టి లోపలి జేబులో పెట్టుకుని పోయాడు. అతను గల్లీ మలుపు తిరిగాక ఆపా పరదా వెనక్కి వెళ్ళి వాంతి చేసుకుంది. అంత భయపడిందని అతనికి తెలియదు.

ఆ మరుసటి ఏడు వీర్నపల్లి వైపు ఒక ఊరి నుంచి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. తల్లి నర్సవ్వ, కూతురు సుగుణమ్మ. సుగుణమ్మ తన పెళ్ళి క్యాసెట్ తెచ్చింది. ఆ పెళ్ళికి వీడియో తీసింది ఆపా, ఆమె భర్తే. క్యాసెట్ బాగానే ఉంది, ఆ పూటే అయిపోయింది. పెన్ డ్రైవ్ చేతికిచ్చినా తల్లి లేవలేదు. ఒకసారి బయటికి చూసింది, పరదా సరిగా వేసి ఉందో లేదో చూసింది. ఒక కంట్లో పొర కమ్ముకుని ఉంది. గొంతు బాగా తగ్గించి అడిగింది.

"ఆ రోజు లోపలి అర్రల గూడ తీసినవ్ గద బిడ్డా. గా ముక్క దీంట్ల లేదు. ఉన్నదా, కాలవెట్టిండ్రా?"

ఆపా తల్లిని, కూతురిని మార్చి మార్చి చూసింది. వారం ఆగి రమ్మని మాత్రం చెప్పింది.

వాళ్ళు పోయాక షట్టర్ సగం దించి నాకు సంగతి చెప్పింది. నర్సవ్వకు మల్లేశం అని ఒక కొడుకు. కాలేజీ మధ్యలో వదిలి అడవిలోకి పోయాడు. చెల్లెలి పెళ్ళి రోజు పొద్దున, ఊరంతా పందిట్లో ఉండగా, తలకు తువాలు చుట్టుకుని దొడ్డి తలుపు గుండా లోపలి అర్రలోకి వచ్చాడు. ఆపా కెమెరా నడుస్తోంది. ఆపబోతే తల్లి ఆమె చెయ్యి పట్టుకుని ఆపొద్దంది. అతను వచ్చినంత తొందరగానే వెళ్ళిపోయాడు. ఆ ఎండాకాలంలోనే అడవిలో కాల్పుల్లో చనిపోయాడు. తర్వాత పోలీసులు ఇల్లు వెతికి అతని ఫోటోలన్నీ పట్టుకుపోయారు. ఆపా వాళ్ళ స్టూడియోకు కూడా వచ్చి పెళ్ళి వీడియో అడిగారు. ఆ ముక్క లేకుండా తయారుచేసిన క్యాసెట్ చూపించాడు ఆమె భర్త. అసలుది చెరిపేద్దామన్నాడట. ఒక తల్లి చూస్తూ ఉండగా తీసింది, దాన్ని చెరపలేనని ఆపా అడ్డం పడింది. తమ ఇంటి వెనక గోడ గూట్లో పెట్టి, ఇటుకలు అడ్డం పేర్చి, సున్నం పూసింది. భర్త పోయాక ఆ సంగతి తెలిసింది ఆమె ఒక్కదానికే.

"ఇన్నేండ్లు జీపు సప్పుడైతే నా కండ్లు ఆ గోడ మీదికే పోయేటివి," అంది.

మర్నాడు పొద్దున ఇద్దరం ఆ గోడ తవ్వాం. ఇటుకల వెనక నుంచి చెమ్మ వాసన వచ్చింది. ఎన్నో వానాకాలాలు ఆ గోడ తడిసింది. ప్లాస్టిక్ సంచి లోపల కూడా నీటి బొట్లు ఉన్నాయి. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే నల్లటి టేపు కనబడలేదు, రీలంతా తెల్లగా ఉంది. ఆపా నేల మీదే కూలబడింది. పోలీసుల నుంచి కాపాడి బూజుకు అప్పజెప్పానని ఉర్దూలో తనలో తనే గొణుక్కుంది. వారమంతా దాన్ని ఆరబెట్టాం, తుడిచాం. చుట్టలు ఒకదానికొకటి అంటుకున్న చోట లాగితే పైపొర ఊడి వస్తుంది. ఊడితే అక్కడున్న బొమ్మ పోయినట్టే. ఆ పొరలో ఉన్నది పందిరో, బంతిపూలో, మల్లేశమో మాకు తెలియదు.  రాత్రి మేనత్త ఇంట్లో పడుకుంటే కలలో నా చేతుల్లో టేపు తెగుతుండేది.

చెప్పిన రోజు మధ్యాహ్నం తల్లీకూతుళ్ళు వచ్చారు. నర్సవ్వను టీవీకి దగ్గరగా కూర్చోబెట్టాం. ఆపా క్యాసెట్ లోపలికి తోసింది. కంప్యూటర్‌లో రికార్డింగ్ మొదలైంది. మొదట గీతలు, తర్వాత మసక. పసుపు రాసుకున్న సుగుణమ్మ ముఖం వచ్చింది, వంకరపోయింది, మళ్ళీ నిలబడింది. అప్పుడే గల్లీలో జీపు ఆగిన చప్పుడు వినిపించింది.

బూట్ల చప్పుడు కౌంటర్ దాకా వచ్చింది. లోపల ఎవరన్నా ఉన్నారా అని ఒక మగగొంతు అడిగింది. పరదా సందులోంచి ఖాకీ చొక్కా కనిపించింది. నర్సవ్వ కొంగు ముఖం మీదికి లాక్కుని కుర్చీలో ముడుచుకుపోయింది.  నేను ఆపే బటన్ మీదికి చెయ్యి చాపాను. ఆపా నా మణికట్టు పట్టుకుంది. ఆపితే టేపు వీసీఆర్ లోపలి హెడ్డుకు అంటుకుని తెగుతుంది. ఆపా టీవీ శబ్దం మాత్రం పూర్తిగా తగ్గించింది. కొంగు తల మీదికి సర్దుకుని పరదా దాటి బయటికి వెళ్ళింది.

లోపల నేను, వాళ్ళిద్దరు, తిరుగుతున్న రీలు. బయట ఆపా ఏం కావాలి సార్ అని మామూలు గొంతుతో అడుగుతోంది. నాకు నాన్న గుర్తొచ్చాడు, ఆగిపోయిన ఆయన చెయ్యి గుర్తొచ్చింది. సరిగ్గా అప్పుడే తెర మీద దొడ్డి తలుపు తెరుచుకుంది. తువాలు చుట్టుకున్న పిల్లవాడు లోపలికి వచ్చాడు. తువాలు తీశాడు. మీసం ఇంకా సరిగా రాలేదు. చెల్లెలి తల మీద అక్షింతలు వేశాడు, తల్లి వైపు తిరిగి ఏదో అన్నాడు. మాటలు వినబడలేదు. సుగుణమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను నర్సవ్వ భుజం తట్టాను. ఆమె కొంగు జరిపి, బాగున్న కన్ను తెరకు దగ్గరగా పెట్టి చూసింది. 

"గింత చిన్నోడా," అంది గుసగుసగా. "నాతోని గూడ వాడూ ముసలోడయితుండనుకున్న. నా మనుమని లెక్కున్నడు."

బయట ఖాకీ గొంతు ఇంకా మాట్లాడుతోంది. తెర మీద పిల్లవాడు ఉలిక్కిపడి వెనక్కి చూశాడు, తువాలు చుట్టుకున్నాడు, తలుపు దాటి పోయాడు. ఆ తర్వాత కాసేపటికే టేపు పటుక్కున తెగింది. తెర నీలంగా మారింది. కావలసింది అప్పటికే కంప్యూటర్‌లోకి వచ్చేసింది.

జీపు వెళ్ళిపోయాక ఆపా లోపలికి వచ్చింది. ఆమె చేతిలో ఒక క్యాసెట్ ఉంది. వచ్చినవాడు కానిస్టేబుల్. బిడ్డ మొదటి పుట్టినరోజు వీడియో తెచ్చాడు, ఆ అమ్మాయికి వచ్చే నెల పెళ్ళట. ఆపా దాన్ని బల్ల మీద పెట్టి, మూత తెరిచి వాసన చూసింది. బూజు ఉంది, రేపు ఆరబెడదామంది. తర్వాతి వారంలో ఆ క్యాసెట్‌ను కూడా అదే నూలుగుడ్డతో, అంతే నెమ్మదిగా తుడవడం నేను చూశాను.

శబ్దం పెంచి ఆ ముక్కను మళ్ళీ పెట్టాం. ఏళ్ళ తరబడి గోడలో ఉన్న గొంతు గరగరమంటూ వచ్చింది. తల్లి వైపు తిరిగి అతను అన్న మాట ఇది: "ఆకలైతుందే అవ్వా, ఏం కూర వండిండ్రు?"

ఆ మాటకు బదులు చెప్పేలోపు బయట కుక్కలు మొరిగాయని, తినకుండానే పోయాడని నర్సవ్వ చెప్పింది. అప్పుడు ఏడ్చింది. ఆమెను పట్టుకుని ఆపా కూడా ఏడ్చింది.

పెన్ డ్రైవ్ ఇస్తే నర్సవ్వ తీసుకోలేదు. ఇంట్లో వద్దు, నీ దగ్గరే ఉంచుకో బిడ్డా అంది. ఇప్పుడు ఎవరూ రారని కూతురు ఎంత చెప్పినా వినలేదు. ఆ తర్వాత మందుల కోసం జగిత్యాల వచ్చినప్పుడల్లా దుకాణానికి వచ్చేది. ఆపా పరదా వేసి ఆ ముక్క పెట్టేది. చూసి, చాయ్ తాగి, బస్సెక్కి పోయేది. రావడం ఆగిపోయిన కొన్ని నెలలకు ఆమె పోయిందని తెలిసింది.

నాకు కోరుట్ల సంబంధం కుదిరి వచ్చేసేటప్పుడు ఆపా ఒక వీసీఆర్, ఆ ముక్క ఉన్న డ్రైవ్ నా చేతిలో పెట్టింది. కంప్యూటర్లు కూడా పాడవుతాయి, ఏడాదికొకసారి కొత్తదానిలోకి మార్చు, మార్చాక పూర్తిగా ఆడించి చూడు అని చెప్పింది. ఇప్పుడు ఆపా కూడా లేదు. ఆమె చెప్పినట్టే ఏటా మారుస్తున్నాను. పాతదాన్ని తీసేసే ముందు ప్రతిసారీ చేతులు చల్లబడతాయి. ఆ పిల్లవాడు లోపలికి వచ్చి, ఆకలి అని, తిరిగి పోయేదాకా చూసి, అప్పుడు తీసేస్తాను.

ఈ మధ్య సుగుణమ్మ మా దుకాణానికి వచ్చింది. ఆమె బిడ్డ పెళ్ళట. మేనమామ ముఖం పిల్లలు చూడలేదు, ఆ వీడియో ఇస్తే ఇంట్లో అందరికీ చూపిస్తానంది. నేను కాపీ చేసి ఇచ్చాను. సంచిలో వేసుకుంటూ నవ్వింది.

"ఇగ ఎవలకు భయపడాలె సరితా, గా రోజులు ఎప్పుడో పోయినయ్," అంది.

ఆ మాట అనడానికి ఆమె గొంతు తగ్గించింది. అది వినడానికి నేను ముందుకు వంగాను. ఇద్దరం ఒక్కసారే తలుపు వైపు చూశాం. బయట ఎవరూ లేరు. ఆమె సంచి చంకకు తగిలించుకుని బస్సు వేళయిందని మెట్లు దిగింది.