వేళ్ళకంటిన ఎరుపు

నిన్న మనవరాలు బండి దగ్గర చికెన్ పకోడీ తిని వచ్చింది. సబ్బుతో ఎంత రుద్దినా వేళ్ళకంటిన ఎరుపు వదల్లేదు. అది చూడగానే మా బాబాయి పెళ్ళిలో వంటాయన వీపు గుర్తొచ్చింది.

మాది వినుకొండ దగ్గర మిరప పండించే ఇల్లు. పెళ్ళినాడు గాడిపొయ్యి మీద వంకాయ కూర మరీ ఎర్రగా మెరుస్తుంటే నాయనమ్మకు అనుమానమొచ్చి, కాస్త వేలికి రాసుకుని కడిగి చూసుకుంది. ఎరుపు పోలేదు.

"ఒరేయ్, కల్లం నిండా కాయలుంటే మా ఇంట్లోనే రంగు కలుపుతావా?" అంటూ కూరలోని ఇనప గరిటె లాగి వంటాయన వీపు మీద కొట్టింది.

"ఎర్రగా లేకపోతే కారం లేదంటారమ్మా" అని ఏడ్చినా ఆపలేదు. అతని తెల్ల బనీను ఎర్రగా తడిసింది. అదంతా నెత్తురనుకుని, మనిషి చచ్చిపోయాడని నేను పందిరంతా వినబడేలా ఏడ్చాను. ఆమె ఆ కూర గుంటలో పోయించి, పెళ్ళివారికి ఊరగాయతో అన్నం పెట్టించింది. చాలా ఏళ్ళు ఆమెను రాక్షసి అనుకున్నాను.

ఇవాళ ఆ బండి దగ్గరికి వెళ్ళాను. "పసిపిల్లలు తినేదాంట్లో ఈ రంగేంటయ్యా?" అని నిలదీశాను.

"ఎర్రగా లేకపోతే ఎవరూ కొనరండి తాతగారూ" అని నవ్వాడు. తింటున్నవాళ్ళూ నవ్వారు.

నా చెయ్యి గరిటె కోసం వెతికింది. గరిటె అతని చేతిలో ఉంది.