దగ్గితే కుడికి

చెడగొట్టిన పనులు నా ఖాతాలో చాలానే ఉన్నాయి. వాటిలో ఒక్క దగ్గుతో మా నాయనను మద్రాసు దాకా నెట్టబోయిన ఘనకార్యానిది మాత్రం పెద్దపీట.

అప్పుడే బీయస్సీ గట్టెక్కి పలమనేరులో ఖాళీగా ఉన్నాను. ఖాళీగా ఉన్న పట్టభద్రుడు ఇంటికి ఎంత ప్రమాదమో మీకు తెలియనిది కాదు. నాయనకు పడక మీద నుంచి లేస్తే తల తిరుగుతోంది. అలిపిరి నుంచి కొండకు నడిచి వస్తానని ఆయనకు మొక్కు. డాక్టరు సరేనంటే తప్ప గడప దాటనీయనని అమ్మ అడ్డం పడింది.

చిత్తూరులో చెవి డాక్టరు ఒకాయన కళ్లు మూయించి, ఉన్నచోటే అడుగులు వేయిస్తాడని, పక్కకు తిరిగితే దోషమని విన్నాను. పరీక్ష అనగానే నాకు తోచేది ఒకటే, పాసవడం. ఇంట్లో అడుగులు వేయించి చూస్తే నాయన ఎడమకే తిరుగుతున్నాడు. నేను దగ్గితే రవంత కుడికి తిరగమన్నాను. జీవితమంతా కాడెద్దులను అదిలించిన మనిషి, తానే ఎద్దయినందుకు ఏమీ అనుకోలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట గెలిచి, చిత్తూరు బస్సెక్కాము.

డాక్టరు ముందు నాయన కళ్లు మూసుకొని అడుగులు మొదలుపెట్టాడు. దగ్గాను. కుడికి సర్దుకున్నాడు. నేను మురిసేలోపు బయట బెంచీ మీద ఎవరో దగ్గారు. అది జలుబుల కాలం, గొంతులకూ ఆయనే డాక్టరు. ఒకరిని చూసి ఒకరు అందుకున్నారు. నాయన ఒక్క దగ్గునూ వదల్లేదు. గానుగెద్దులా తిరిగి తిరిగి, డాక్టరుకు వీపు చూపించి ఆగాడు.

డాక్టరు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "చెవిదైతే ఒకపక్కకు కొంచెం తిరుగుతారు. ఇట్ల బొంగరం మాదిరి తిరిగేది నేను సూడలేదప్పా. తలలో ఏమన్నా ఉండాదేమో. మద్రాసుకు పంపల్ల."

నాయన కొండ సంగతి అడగనేలేదు. "మీయమ్మను సూసుకోరా" అన్నాడు మెల్లగా.

దాంతో నా తెలివి దిగిపోయింది. దగ్గు రహస్యమంతా కక్కేశాను.

డాక్టరు నవ్వలేదు. "ఇది నీ మార్కుల పరీక్ష కాదు నాయనా. లోపం యాడుండాదో నాకు తెలిసేదానికి" అని, దగ్గేవాళ్లందరినీ వీధిలోకి తోలుకుపోయే ఉద్యోగం నాకిచ్చాడు. అది నా మొదటి ఉద్యోగం.

నిశ్శబ్దంలో నాయన తన దారిన ఎడమకే తిరిగాడట. డాక్టరు ఇంకొన్ని పరీక్షలు చేసి, ఎడమ చెవిలోనే లోపమని తేల్చి, మందులిచ్చి, ఇంట్లో రోజూ చేయమని కొన్ని కసరత్తులు నేర్పాడు. తిరుగుడు తగ్గాక కొండెక్కమన్నాడు.

తిరుగు బస్సులో నాయన మందుల పొట్లం ఒళ్లో సర్దుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, ఎంతో ఆప్యాయంగా అడిగాడు.

"ఒరే, నీ బీయస్సీ పరీక్షల్లో ఎవురు దగ్గినార్రా?"

చలికాలానికి ఆయన అలిపిరి నుంచి నడిచే కొండెక్కాడు. వెనకాలే నేను నోరు మూసుకొని ఎక్కాను. స్వామి ఎదుట ఒట్టు కూడా పెట్టుకున్నాను, ఏ డాక్టరు గదిలోనూ దగ్గనని. దగ్గు మందుకే వెళ్లినా సరే.