మాస్టారి పిలుపు పరీక్ష

మా జువాలజీ మాస్టారు పోయారు. ఆదివారం పొద్దున్నే ఏలూరు నుంచి ఫోనొచ్చింది. తాడేపల్లిగూడెంలో దొరికిన మొదటి పాసింజరు ఎక్కి కూర్చున్నాక ఏడుపు రావాలి కదా, నాకు నవ్వొచ్చింది. స్టేషన్ స్టేషన్‌కీ ఆయన మాటలే గుర్తుకొచ్చాయి. ఊరి పేరు బోర్డు మీద చదివితే చాలదండీ, ఆ ఊరి ముసలమ్మ నోట వినాలండీ అనేవారు.

ఆయనకి పేర్ల పిచ్చి. చెప్పేది చేపల పాఠమే అయినా, అది పడవల పేర్లలోకీ పొలాల పేర్లలోకీ ఇంటిపేర్లలోకీ వెళ్ళకుండా గంట కొట్టేది కాదు. పొలాలకి పేర్లేమిటని మేం నవ్వితే మమ్మల్నే ఆరా తీశారు. మా క్లాసులోనే ఒకరికి దయ్యాలచేను, ఇంకొకరికి పెళ్ళిమడి ఉన్నాయని అలా బయటపడింది. సెల్‌ఫోన్లు వచ్చాక మరీను. ఎవరి పేరు ఏమని దాచుకున్నారో చూపించమని కనిపించిన వాళ్ళనల్లా వేధించేవారు. 'పాలాయన పాత నంబరు' అని ఎవరో దాచుకున్నది చూసి వారంపాటు మురిసిపోయారు. లాటిన్ పేర్లు కూడా వదల్లేదు, మాచేత బట్టీ పట్టించారు.

"ఆ లాటిన్ పేరు చేపని సీసాలో పెట్టి చూసినాయన పెట్టాడండీ. కొర్రమీను అన్నది వలేసి పట్టినాయన. రెండూ రాయండి, రెండు మార్కులు" అనేవారు.

ఎవర్నీ నువ్వు అనేవారు కాదు. హాజరు పిలిచేటప్పుడు కూడా గారు తగిలించేవారు. నాకు చిక్కు వచ్చిపడింది అక్కడే. నా పేరు పుల్లమ్మ.

నాకు ముందు పుట్టిన ఇద్దరు బిడ్డలూ మా అమ్మకి దక్కలేదు. నేను పుట్టగానే అమ్మమ్మ నన్ను ఎంగిలి విస్తరాకులో పొర్లించింది. పారేసిన ఆకుతోపాటు పారేసిన పిల్ల అనుకుని చావు నావైపు చూడదని వాళ్ళ నమ్మకం. ఎంగిలి విస్తరిని పుల్లాకు అంటారు, అందుకని పుల్లమ్మని. మా కొల్లేటికోటలో ఇదేం వింత కాదు. ఏలూరు కాలేజీలో స్వాతులూ శిరీషలూ పక్కన కూర్చుంటే మాత్రం తల కొట్టేసినట్టుండేది. ఆయన గౌరవంగా "పుల్లమ్మగారండీ" అన్నకొద్దీ వెనక బెంచీల్లో ఇకిలింపులు పెరిగేవి.

డిగ్రీ ఆఖరి ఏడు పేరు మార్చుకుందామని తీర్మానించుకున్నాను. సుస్మిత అని ఎంచుకుని దరఖాస్తు టైపు చేయించాను. దానిమీద గెజిటెడ్ సంతకం కావాలి. మాస్టారు ఆకుపచ్చ ఇంకు పెన్ను తీశారు, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నారు. తప్పకుండా పెడతాననీ, ముందు ఆ పేరు పిలుపు పరీక్ష నెగ్గాలనీ అన్నారు.

ఏలూరు పక్కనే వట్లూరులో, ఆయన వీధిలో ఆ పరీక్ష తెలియనివాళ్ళు లేరు. బిడ్డకి మంచి పేరు చెప్పమని ఎవరొచ్చినా ఆయన చెప్పరు. వాళ్ళు అనుకున్న పేర్లే అడిగి, తల్లిని గేటు దగ్గర నిలబెట్టి, పిల్లాడు వీధి చివర ఆడుకుంటున్నాడనుకుని అన్నానికి కేకెయ్యమంటారు. ఆమె గొంతుకి సుళువుగా వచ్చిందే ఖాయం. జాతకం చూసి పెట్టిన పేర్లూ, బైబిల్లోంచి ఏరి పెట్టిన పేర్లూ ఆ గేటు దగ్గర చాలానే ఓడిపోయాయి.

"పేరు పెట్టుకున్నవాళ్ళది కాదండీ, పిలిచేవాళ్ళది" అనేవారు.

నా పరీక్ష కొల్లేట్లో జరిగింది. చేపలు చూపించడానికి క్లాసంతటినీ మా ఊరు తీసుకెళ్ళారు. మేం పడవలో ఉన్నాం. అందరికీ వంట చేసి అమ్మ గట్టు మీద నిలబడింది. కొత్త పేరుతో కేకెయ్యమని మాస్టారు ఆమెకి ముందే చెప్పి ఉంచారు. పేరు మార్చుకుంటానని నేను చెప్పినప్పుడు అమ్మ నీ ఇష్టం అంది.

"సుస్మితా" అంది. మాకు పెదాలు కదలడం కనిపించింది, అంతే. మళ్ళీ అంది. పాఠం అప్పజెప్పడానికి లేచిన పిల్లలా బిగుసుకుపోయి ఉంది. ఇంకోసారి నోరు తెరిచి ఆగిపోయింది. కొంగుతో మొహం తుడుచుకుని, నడుం మీద చెయ్యేసుకుని ఒక్క కేక పెట్టింది.

"పుల్లీ, ఓ పుల్లీ, అన్నం చల్లారిపోతందే!"

నీళ్ళమీద తేలే గుర్రపుడెక్క ఆకుల మీది కొంగలన్నీ లేచిపోయాయి. నేను ఆలోచించనైనా లేదు. "వత్తన్నానమ్మా" అని అరిచాను. పిలిస్తే పలికే బిడ్డ కోసం అమ్మ ఎంతగా ఎదురుచూసి ఉంటుందో నాకు ఆ పడవలో తెలిసింది. గట్టు వైపు చూడలేకపోయాను.

మాస్టారు పెన్ను బయటికి తీసి, "సంతకం పెట్టమంటారా పుల్లమ్మగారండీ?" అన్నారు. వద్దన్నాను. ఆ మధ్యాహ్నం వెనక బెంచీలవాళ్ళు చేపల పులుసు మారు వడ్డించుకుంటూ, పుల్లమ్మగారండీ, కాస్త అన్నం అని నన్ను పిలవడం మొదలుపెట్టారు. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో మా స్కూలు పిల్లలకి నేను పుల్లమ్మ టీచర్ని.

ఆయన పేరు మాత్రం మాలో ఎవరికీ పట్టలేదు. మాస్టారంటే ఆయనే. ఇంట్లో తన పేరు 'ఏవండీ' అనీ, తను పోగేసిన పేర్లన్నిట్లోకీ వాడకం ఎక్కువున్నది అదేననీ నవ్వేవారు. ఆయన భార్యని మేం అమ్మగారు అంటాం. పెళ్ళయిన నాటినుంచీ ఆవిడ ఆయన్ని మరోలా పిలిచింది లేదు.

ఆ సాయంత్రం సమాధుల తోటలో పాస్టరుగారు ఆయన పూర్తి పేరు చదివారు. అది పొడుగ్గా, ఇంకెవరిదో అన్నట్టుంది. మేం మొహమొహాలు చూసుకున్నాం. మట్టి వెయ్యడం అయ్యాక అందరం కదిలాం. అమ్మగారు మాత్రం ఆగిపోయి, వంటింట్లోంచి హాల్లోకి పిలిచినట్టే, కాస్త గట్టిగా అన్నారు.

"ఏవండీ."

గేటు వైపు నడుస్తున్న మగవాళ్ళు సగంమంది వెనక్కి తిరిగారు. ఆవిడ వాళ్ళెవర్నీ చూడలేదు. జవాబు వస్తుందేమోనని కాసేపు చెవి సమాధి వైపే పెట్టి, తర్వాత చిన్నగా నవ్వుకుని, కొంగు సర్దుకుని మా వెంట వచ్చారు.