నాయన సంచిలో లేని ఎర్రజెండా

నా మేనకోడలు సుజాత భోజనాల బల్ల మీద పెట్టిన పాత రిజిస్టరు తెరవగానే చెమ్మ పట్టిన కాగితం వాసన, దాని వెనకే ఉప్పుగాలి వాసన ముక్కుకు తగిలాయి. బోగోలు దాటాక సముద్రం పక్కనున్న మా ఉప్పు కయ్యల నుంచి పెద్ద లైను స్టేషను దాకా ఒకప్పుడు ఒక చిన్న రైలు నడిచేది. నేను పెద్దమనిషినయ్యే నాటికే అది ఆగిపోయింది, పట్టాలు కూడా పీకేశారు. సుజాత ఇప్పుడు దాని చరిత్రంతా పోగుచేస్తోంది. అటకల మీంచి దింపిన ఫొటోలు, కాగితాలు స్కాన్ చేసి, ముసలివాళ్ళ మాటలు రికార్డు చేసి, ఎవరైనా చూసుకునేలా వెబ్‌సైటులో పెడుతోంది. మంచి పనే, కాదనను. ఆ రిజిస్టరులో మా నాయన సంతకం కనిపిస్తుందని మాత్రం నేను అనుకోలేదు.

నాయన ఆ లైనులో కీమాన్. అంటే తెల్లారగానే చద్దన్నం తిని, భుజాన సంచి, చేతిలో సుత్తితో పట్టాల వెంబడి నడుస్తూ, వదులైన చీలలు బిగిస్తూ, పట్టాల కింది మట్టికట్ట ఎక్కడైనా జారిందేమో చూసుకుంటూ ఉప్పు నిలవచేసే కొఠారు దాకా పోయి రావడం. సంచిలో పచ్చజెండా ఒకటి, ఎర్రజెండా ఒకటి ఉండేవి. పట్టాను సుత్తితో కొట్టి చెవి ఒగ్గి వినడం ఆయనకు ఎంత అలవాటంటే, సంతలో కుండ కొనాలన్నా అమ్మ ఆయన్నే ముందుకు తోసేది. ఆయన వేలి కణుపుతో తట్టి తల అడ్డంగా ఊపితే కుండలమ్మే ఆయన ముఖం మాడిపోయేది.

ఎండాకాలంలో కయ్యలన్నీ కళ్ళు తెరవనీయనంత తెల్లగా మెరుస్తుంటే, ఉప్పు రైలు నల్లటి పొగ వదులుతూ, మనిషి నడక కంటే ఒక పిసరు వేగంగా వచ్చేది. పిల్లలం మేకులు పట్టాల మీద పెట్టి, అవి చదునయ్యాక కత్తులని చెప్పుకొని, వాటితోనే పచ్చి మామిడికాయలు కోసి, బండిలోంచి రాలిన ఉప్పుకల్లు అద్దుకొని పళ్ళు పులిసేదాకా తినేవాళ్ళం. చేపల గంపలవాళ్ళు కొంగు ఊపేవాళ్ళు, ముసలివాళ్ళు తువ్వాలు ఊపేవాళ్ళు, ఎవరు ఊపినా డ్రైవరు ఆపి ఎక్కించుకునేవాడు. మంచితనానికి పోతే మీదికొచ్చినట్టు, రానురాను అడుగడుక్కీ ఒక తువ్వాలు లేవసాగింది. చివరికి ఆయనకు విసుగు పుట్టింది. "ఇంకమీదట ఎర్రగుడ్డ కనబడితేనే ఆపతా. మీ తువ్వాళ్ళకల్లా ఆపితే ఈ బండి రేపటిగ్గూడా చేరదు" అని తెగేసి చెప్పాడు.

మా పాళెంలో ఒక ఆనవాయితీ ఉండేది. గాలివాన లేచినప్పుడు ఇంటి మనిషి సముద్రం మీద ఉంటే, ఆ ఇంటి ఆడపిల్ల గంగమ్మ రాయికి ఎర్రగుడ్డ కట్టాలి. ఆ గుడ్డ వానలో తడిసినా రంగు కారకూడదు. కారితే అమ్మ ఒప్పుకోలేదని అర్థం. ఒక కార్తీకంలో నా నేస్తం చెంచమ్మ వాళ్ళ నాయన తెప్ప మీద పోయి, గాలి లేచినా తిరిగి రాలేదు. వాళ్ళింట్లో ఉన్న ఒక్క ఎర్ర రవికగుడ్డా కట్టిన కాసేపటికే రంగు కారి, రాయి మీద ఎర్రటి చారలు దిగాయి. చెంచమ్మ నోరు తెరిచి ఏడవడం కూడా మానేసింది. ఎన్ని వానల్లో తడిసినా రంగు దిగని గుడ్డ నాకొకటి తెలుసు. ఇంటికి పరిగెత్తి, నాయన సంచిలోంచి తీసుకొచ్చి, ఆమె చేతికిచ్చి కట్టించాను. ఇద్దరం తప్ప అక్కడ ఎవరూ లేరు.

తెల్లారేసరికి చెంచమ్మ నాయన తెప్ప ఒడ్డుకొచ్చింది. వాళ్ళమ్మ నన్ను కూడా కూర్చోబెట్టుకొని వేడన్నంలో చేపల పులుసు పోసింది. అంతా నా గొప్పే అనుకుంటూ తింటున్నాను. అప్పుడు వినిపించింది ఆ చప్పుడు.

సముద్రపు పోటుకు కట్ట తెగి, పట్టాలు కింద ఆధారం లేకుండా వేలాడుతున్నాయట. నాయన చూసేసరికే దూరాన పొగ. సంచిలో చెయ్యి పెడితే పచ్చజెండా ఒక్కటే వచ్చింది. తెల్లచొక్కా విప్పి ఊపుకుంటూ రైలుకు ఎదురు పరిగెత్తాడు. ఎవరో ఎక్కుతానంటున్నారనుకొని డ్రైవరు ఆపలేదు. ఇంజను పక్కకు ఒరిగిపోయింది. బొగ్గు వేసే ఆయనకు కాలు పోయింది. నాయనకు పని పోయింది. ఆ తర్వాత అవే కయ్యల్లో ఆయన నెత్తిన ఉప్పు గంపలు మోశాడు. మధ్యాహ్నం నేను గంగమ్మ దగ్గరికి పోతే రాయికి జెండా లేదు. గాలికి పోయిందనుకున్నాను. ఇంట్లో దెబ్బల కోసం ఎదురుచూశాను. నాయన కొట్టలేదు, అడగలేదు, ఆ మాటే ఎత్తలేదు. పోయేదాకా ఎత్తలేదు. జెండా ఏమైందో ఆయనకు తెలియదనే నమ్మి ఇన్నేళ్ళు బతికాను.

సుజాత రిజిస్టరులోంచి, ప్రమాదం మీద జరిగిన విచారణలో ఆయన ఇచ్చిన వాంగ్మూలం చదివి వినిపించింది. "ఎర్రజెండా నేనే మొక్కుకొని గంగమ్మకు కట్టినాను. ఇందులో మా ఇంట్లో వాళ్ళకు ఎవరికీ సంబంధం లేదు."

ఎవరూ అడగకుండానే ఇంట్లో వాళ్ళ మాట ఎందుకు రాస్తాడు? ఆయనకు తెలుసు. గంగమ్మకు కట్టిన సంగతి కళ్ళారా చూడందే రాయలేడు, రాయి మీంచి జెండా విప్పింది ఆయనే. 

సుజాత ఆ పేజీ కింద పెట్టడానికి ఒక వాక్యం రాసుకుంది: 'కీమాన్ మూఢనమ్మకం వల్ల జరిగిన ప్రమాదం.' "మన తాతని దాయకూడదు గదత్తా. చరిత్రంటే ఉండేది ఉండట్టు పెట్టాల" అంది, కళ్ళు దించుకొని.

"ఉండేది అది కాదు మే" అన్నాను. చెంచమ్మ పోయి చాలా ఏళ్ళయింది. సంగతి తెలిసిన మనిషిని ఇక నేనొక్కదాన్నే. అంతా చెప్పాను.

అది పేజీ తన వైపు తిప్పుకొని తాత సంతకం చూసింది. తర్వాత, "తాత నీకోసరం రాసిపోయిన మాట అత్తా ఇది. దాన్ని నువ్వే కాదంటావా? కావాలంటే ఈ పేజీ ఎక్కించను. ఎవురికి తెలుస్తుంది?" అంది.

ఆ ఒక్క మాటకు మనసు జారింది, అబద్ధమెందుకు? కట్ట ఉన్నచోట ఇప్పుడు రొయ్యల గుంటలు, కొఠారు గోడ కూడా లేదు, గంగమ్మకు కొత్త గుడి కట్టి పాత రాయిని ఎటు జరిపారో ఎవరికీ తెలియదు. అడిగేవాడెవడు? కానీ కాలు పోయిన ఆయన మనవలు కూడా ఆ వెబ్‌సైటు చూస్తారు. మా నాయన పేరు వాళ్ళు ఆ వాక్యంతోనే చదువుకుంటారు.

"పేజీ ఎక్కించు. ఆ వాక్యం కొట్టెయ్. నా మాట కింద పెట్టు" అన్నాను. అది ఫోను నా ముందు పెట్టి రికార్డింగు మొదలుపెట్టింది. నా పేరు, మా నాయన పేరు చెప్పి, జెండా తీసింది నేనని చెప్పాను.

ఆయన నాకోసం చెప్పిన ఒకే ఒక్క అబద్ధం అది. దాన్ని అబద్ధమని ఊరందరికీ చెప్పేశాను. ఆయన పేరు కడిగానో, ఆయన ఇచ్చినదాన్ని ఆయన ముఖానే తిరిగి కొట్టానో నాకు ఇప్పటికీ తెలియడం లేదు.