ఒళ్లు చేసిన పుల్ల

మా ఆయన ఇళ్లు మారేవాళ్ల సామాన్లు మోస్తారు. పనిలో అందరూ ఆయన్ని పుల్ల అంటారు. పెళ్లయిన కొత్తలో ఆ పేరు వింటే నాకు కోపం వచ్చేది. నాలుగు రోజులు ఆయన చొక్కాలు ఉతికాక, వాళ్ల తప్పేమీ లేదనిపించింది.

ఆమధ్య మేస్త్రి జట్టులోకి ఒక భారీ మనిషిని తెచ్చాడు. గుమ్మం నిండా ఉంటాడట. మెట్ల మీద బీరువా ఎక్కించేటప్పుడు బరువంతా పడేది కింది కొస మీదే. అంతవరకు ఆ కొస మా ఆయనది. వచ్చిన రోజే దాన్ని అతని చేతికిచ్చారు.

"నన్ను తీసేస్తాడే. రేపో మాపో తీసేస్తాడు. నేను ఒళ్లు చెయ్యాలి."

"మేస్త్రి అన్నాడా ఆ మాట?"

"అనాలా ఏంటి? కనబడట్లేదూ!"

ఇక చూడండి మా ఇంటి బాగోతం. తెల్లారకముందే లేచి జిమ్‌లో బరువులెత్తడం, అటునుంచి అటే పనికి పోవడం. పగలంతా బీరువాలు మోసే మనిషి పొద్దున్నే ఇనుము మోయడమేమిటో నాకు అంతుపట్టలేదు. జిమ్ మాస్టారు పని తగ్గించుకోమన్నాడు. మా అత్తయ్య జిమ్ మానేసి రెండు ముద్దలు ఎక్కువ తినమంది. లారీ డ్రైవరేమో పొట్ట నిండితే మెట్లెక్కలేవన్నాడు. ఎవర్నీ కాదనలేక ఈయన రోజుకొకరి మాట విన్నారు. ఇంకా చిక్కిపోయారు. ఒక మధ్యాహ్నం మామూలు కుర్చీ కూడా ఎత్తలేకపోయారట.

నాకు చిర్రెత్తుకొచ్చింది. జిమ్ మాన్పించాను. కండకు కావలసిన పని ఎటూ ఉంది, లేనిది తిండీ నిద్రా. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి లారీలో వెళ్లేటప్పుడల్లా తినమని ఉడికించిన గుడ్లు, వేరుశనగలు, అరటిపళ్లు సంచిలో పెట్టాను. పెందలాడే పడుకోబెట్టాను. కొన్ని నెలలకు చొక్కాలు భుజాల దగ్గర బిగుసుకున్నాయి. నా గొప్ప నేనే చెప్పుకుంటూ తిరిగాను.

మొన్న ఒక ఇరుకు మెట్ల ఇంట్లో, మలుపు దగ్గర బీరువాకీ గోడకీ మధ్య దూరి దాన్ని తిప్పబోయారు. అలాంటి సందుల్లో దూరేది ఎప్పుడూ ఈయనే. ఈసారి ఇరుక్కుపోయారు. చొక్కా చిరిగితే గానీ బయటికి రాలేకపోయారు. బీరువా తలుపు సొట్టపోయింది.

"ఒళ్లు చెయ్యమని నిన్నెవడు అడిగాడ్రా?" అని మేస్త్రి అరిచాడట. "కింద నలిగిపోతున్నావనే కదా వాణ్ణి తెచ్చింది! నిన్ను మలుపు కోసం ఉంచుకున్నా. తగ్గుతావా, ఇంకో సన్నటోణ్ణి చూసుకోనా?"

ఆ సాయంత్రం కంచం ముందు కూర్చుని ఆయన నా ముఖంలోకి చూశారు.

"ఇప్పుడు తిననా, మాననా?"

పని పోతే ఎలా అన్న భయం ఒకటి. ఇన్నేళ్లకు ఆయన భుజం మీద తల పెట్టుకుంటే ఎముక గుచ్చుకోవడం లేదు, అదొకటి. ఈ రెండో మాట మేస్త్రికి ఏ ముఖం పెట్టుకుని చెప్పను? గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను. వడ్డించనూ లేదు, గిన్నె తీయనూ లేదు.