ఆగి ఆగి అతికిన చట్రం

నా చిన్నప్పుడు సిరిసిల్లలో మా బాపు పనిచేసే మరమగ్గాల షెడ్డుకు తాళం పడింది. మగ్గాల చప్పుడు లేని వాడలో మాకు నిద్ర పట్టేది కాదు. కొన్నాళ్ళు చూసి, మేమంతా కోరుట్లలో ఉన్న అమ్మ తమ్ముడి ఇంటికి చేరాం. ఆ మామ అప్పుడే దుబాయి నుంచి తిరిగొచ్చాడు. ఇక పోను, పిల్లల దగ్గరే ఉంటానని కొత్త వెల్డింగ్ మిషన్ కొని, రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకున్నాడు. బాపు మాత్రం పాస్‌పోర్టు తీయించుకుని దుబాయి ప్రయాణానికి సిద్ధమవుతున్నాడు. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. పొయ్యి దగ్గర అమ్మ మాటిమాటికీ ముక్కు చీదుతుంటే అర్థమైంది. బాపు లేకుండా ఎట్లా ఉండాలో నాకు తోచలేదు.

షెడ్డుకు వచ్చిన మొదటి పెద్ద పని ఒక లగేజీ ఆటో. లారీ గుద్దడంతో దాని అడుగున ఉండే ఇనుప చట్రం నడుమ వంగిపోయింది. వంగిన మూరెడు కోసేసి, మిగిలిన రెండు ముక్కలను అతికి బండిని పొట్టి చేయాలి. కోత మామ కోసి, అతుకు మాత్రం బాపునే వేయమన్నాడు. ఈ పని చేతికొస్తే బాపు ఎక్కడికీ పోనక్కర్లేదని నా చెవిలో చెప్పాడు. ఇక నా ప్రాణమంతా ఆ చట్రం మీదే. వెల్డింగ్ మెరుపు కంట పడకుండా గోడ వైపు తిరిగి కూర్చున్నాను.

మా బాపు పుట్టుకతో నేతగాడు. ఈ అంచు నుంచి ఆ అంచుకు ఆగకుండా పోవడమే ఆయన చేతికి తెలుసు. అతుకు కూడా అలాగే ఏకబిగిన లాగేశాడు. చూడటానికి ముచ్చటగానే ఉంది. చల్లారాక మామ నూలుదారం తెప్పించి, ఒక కొస నా చేతికిచ్చి, చట్రం ఒక మూల నుంచి ఐమూలగా ఎదుటి మూలకు పట్టి, అది తాకినచోట ముడి వేశాడు. చట్రం సరిగ్గా ఉంటే మిగిలిన రెండు మూలలకూ అదే కొలత రావాలి. పెడితే ముడి అందలేదు. వేడికి ఇనుము గుంజుకుని చట్రం వంకరపోయింది. బాపు కళ్ళకు అడ్డం పట్టుకున్న నల్లద్దం కింద పెట్టేశాడు.

"నాతోని కాదు బామ్మర్ది. నేను దుబాయే పోత," అన్నాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

మామ కోప్పడలేదు. పక్కన కూర్చుని మెల్లగా అడిగాడు.

"మగ్గం మీద పోగు తెగితే ఏం జేస్తవ్ బావ?"

"మగ్గం ఆపుత. అతికి మల్ల నడిపిస్త."

"గిదీ గట్లనే. జరంత అతుకు, ఆపు. సల్లబడినంక అవుతలి దిక్కు జరంత. ఒక్క దిక్కే కాలిస్తే ఇనుమైనా ఓర్సుకోదు."

మామ ఆ అతుకును మళ్ళీ కోసేశాడు. బాపు ఈసారి ఆగుతూ, అటూ ఇటూ మారుతూ అతికాడు. రెండు పక్కలా బలానికి ఇనుప పట్టీలు కూడా వేశాడు. పొద్దు గూకే వేళకు దారం పట్టి చూస్తే ముడి సరిగ్గా మూల మీదికొచ్చింది. బాపు చెమట తుడుచుకుంటూ కళ్ళు కూడా తుడుచుకున్నాడు. నేను ఎగిరి గంతేశాను.

బాపుకు చేయి కుదిరాక ఒకరోజు మామ తన పెట్టె సర్దుకున్నాడు. ఆ షెడ్డు మీద రెండు కుటుంబాలు బతకవని ఆయనకు మొదటి నుంచీ తెలుసు. దుబాయిలోని పాత కంపెనీకి మళ్ళీ వస్తానని అప్పటికే కబురు పెట్టాడట. పోవద్దని బాపు ఆయన చేతులు పట్టుకుని బతిమాలాడు. "గా దుబాయి ఎండ నాకు అలువాటే బావ. నువ్వు ఓర్వవు," అన్నాడు మామ. అత్త గడప దాకా వచ్చింది. ఆమె కొంగు పట్టుకుని వాళ్ళ చిన్నోడు నిలబడ్డాడు.

ఇప్పుడు బాపు లేడు, మామా లేడు. ఏ పనైనా ఎదురుతిరిగితే నేను ఆగుతాను, చల్లారనిస్తాను, రెండో వైపు నుంచి మొదలుపెడతాను. అది మామ నేర్పిందే. కానీ నా పెళ్ళయ్యే దాకా ప్రతి సాయంత్రం బాపు నా పక్కన కూర్చుని అన్నం తిన్నాడు. ఆ సాయంత్రాలన్నీ మామ తన పిల్లల నుంచి తీసి నాకిచ్చినవే. ఇప్పటికీ కంచం ముందు కూర్చుంటే ఆ చిన్నోడు గుర్తొస్తాడు.