హార్డ్‌కి ఎల్, వై తగిలిస్తే

మొన్న ఫ్యాక్టరీలో రెండే రెండు ఇంగ్లీషు అక్షరాలతో నేను చేసిన ఘనకార్యం వినండి. నవ్వాలనుంటే నవ్వుకోండి, కానీ టీ గ్లాసు కింద పెట్టి నవ్వండి!

శ్రీ సిటీలో సెల్‌ఫోన్ చార్జర్లు చేసే ఫ్యాక్టరీ మాది. నేను లైన్ లీడర్ని. నా కింద ఎనిమిది మంది ఆడపిల్లలు. వాళ్లలో సెల్వికీ, రేఖకీ ఆరు నెలల ట్రైనింగు అయిపోయింది. పర్మనెంట్ చెయ్యాలా వద్దా అని హెచ్ఆర్ మేడమ్ ఫారాలు పంపించింది. ఎవరెట్లా పని చేస్తారో నేను ఇంగ్లీషులో రాసియ్యాల.

మిగతా లీడర్లు ఫోన్లో వెతుక్కుంటా ఉండారు. నాకెందుకు ఫోను? టెన్త్‌లో సారు చెప్పింది ఇప్పటికీ గుర్తుండాది. పని 'ఎట్లా' చేసినారో చెప్పాలంటే మాట చివర ఎల్, వై తగిలించాల. అంతే! స్లో అయితే స్లోలీ. నీట్ అయితే నీట్‌లీ. కేర్‌ఫుల్ అయితే కేర్‌ఫుల్లీ. ఇంత సుళువైన దానికి గూగులెందుకబ్బా!

ముందు సెల్వి ఫారం. ఆ పిల్ల సత్యవేడు నుంచి ఆరు గంటల బస్సుకే వచ్చేస్తాది. కూర్చుంటే తల ఎత్తదు. శానా కష్టపడతాదని రాయాల కదా? కష్టపడేదానికి హార్డ్. ఎట్లా కష్టపడతాది? హార్డ్‌లీ! 'సెల్వి వర్క్స్ హార్డ్‌లీ' అని పెద్ద అక్షరాలతో రాసి, కింద గీత కూడా కొట్టినాను.

ఇంక రేఖ. పది నిమిషాలకోసారి బాత్రూమని లేస్తాది, ఆడికి పోయి ఫోను చూసుకుంటా నిలబడతాది. తెగ రెస్టు తీసుకుంటాది, తెగ ఫోను చూస్తాదని రాయాల. తెగ అంటే గట్టిగా. గట్టి అంటే హార్డే కదా! 'షి టేక్స్ రెస్ట్ హార్డ్‌లీ. షి సీస్ ఫోన్ హార్డ్‌లీ.' పాపం, ఉద్యోగం పోతాదేమోనని బాధేసింది కూడా. కానీ లీడరన్నాక నిజం రాయాల!

రెండు రోజులకి మేడమ్ సెల్విని పిలిపించింది. పోయిన పిల్ల ఏడ్చుకుంటా వచ్చింది.

"ఏమైందే?"

"నీకు నేనేం చేసినానక్కా? నేను పనే చెయ్యనని రాసినావంట! ఇంకో ఆరు నెలలు ట్రైనింగేనంట. పర్మనెంట్ అయిపోతాదని మా అమ్మకి చెప్పేసినాను."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పిల్ల చెయ్యి పట్టుకొని నేరుగా మేడమ్ రూముకి లాక్కుపోయినాను.

"మేడమ్, నేను బంగారం లాగా రాసిస్తే మీరు తిరగేసి సదివినారు!"

ఆయమ్మ ఫారం నా వైపు తిప్పింది. "మీరే చదవండి."

చదివినాను. వరండాలో పోయేవాళ్లకి కూడా వినపడేటట్టు, గర్వంగా చదివినాను.

"దీని అర్థమేంది?"

"శానా కష్టపడతాదని!"

"కాదమ్మా. హార్డ్‌లీ అంటే దాదాపు లేనట్టే అని. ఈ పిల్ల పని చేసీ చెయ్యనట్టు ఉంటుందని మీరు రాశారు. కష్టపడుతుందనాలంటే ఉత్త హార్డ్ చాలు. దానికి ఎల్, వై తగిలించకూడదు."

సెల్వి నా మొహంలోకి చూసింది. "అంతేనా అక్కా? నా మీద కోపం కాదా, ఇంగ్లీషేనా?" అని ముక్కు తుడుచుకుంటా నవ్వేసింది. మేడమ్ పెన్ను ఇచ్చింది. ఎల్, వై రెండూ కొట్టేసి, పక్కన సంతకం పెట్టినాను. సాయంత్రానికి సెల్వి పర్మనెంట్ అయిపోయింది. అమ్మయ్య అనుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది, రేఖ ఫారం!

లైన్లోకి పోయేలోపలే ఆ పిల్ల ఎదురొచ్చి నా నోట్లో పాలకోవా కుక్కేసింది. "అక్కా, పర్మనెంట్! రెస్టే తీసుకోదు, ఫోను ముట్టనే ముట్టదు అని రాసినావంట కదా! మా ఇంట్లో కూడా నన్ను గురించి ఎవరూ ఇంత మంచిగా చెప్పలేదక్కా" అని కండ్లనీళ్లు పెట్టుకునింది.

నోటినిండా పాలకోవా. నిజం యాడ చెప్పేది? కోవాతో పాటు మింగేసినాను.

విచిత్రమేమంటే, ఆ రోజు నుంచి రేఖ ఫోను లాకరులోనే ఉంటాది. అడిగితే, "నువ్వు అంత నమ్మి రాసినావు కదక్కా, నీ మాట పోగొడతానా?" అనింది. ఆరు నెలలు నేను అరిచి అరిచి చేయించలేని పని!

అందుకే ఇప్పుడు నేను అరిచేది మానేసినాను. లైన్లో ఎవరైనా జారుకోబోతే నిదానంగా ఒకే మాటంటాను. "ఏమ్మే, నీ గురించి ఇంగ్లీషులో రాయమంటావా?"

పరుగున పోయి సీట్లో కూర్చుంటారు!